ఉత్తకాళ్లా, పలుచని బూట్లా: చిన్నపిల్లల పాదాల గురించి హైదరాబాద్ తల్లిదండ్రులకు

ఏడాది నిండిన పాప సోఫా అంచు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టగానే ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడతాయి. అడుగులు పడుతున్నాయి కాబట్టి గట్టి బూట్లు కొనాలని ఒక పక్షం అంటే, మేమంతా చెప్పులు లేకుండా పెరిగినవాళ్లమే కదా అని నాయనమ్మల పక్షం అంటుంది. ఈ మధ్య ఈ వాదనలో మూడో మాట కూడా చేరింది. పలుచని అట్ట (సోల్), వెడల్పైన ముందుభాగం, సులువుగా వంగే గుణం ఉన్న మినిమలిస్ట్ బూట్లు వేస్తే ఉత్తకాళ్ల లాభమూ, బూట్ల రక్షణా రెండూ దక్కుతాయని అమ్మేవారు చెబుతున్నారు. ఒకటి నుంచి ఏడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఈ మూడింటిలో దేన్ని, ఎప్పుడు, ఎలా ఎంచుకోవాలో ఇక్కడ వివరిస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది: ఈ ప్రశ్నకు జవాబు పిల్లవాడి వయసులో కన్నా, వాడు నడవబోయే నేలలో ఎక్కువగా ఉంటుంది. నేల శుభ్రంగా, చల్లగా, గుచ్చుకునేవి లేకుండా ఉంటే ఉత్తకాళ్లే మేలు. అలా లేనప్పుడు, ఆ నేలవల్ల కలిగే హానిని ఆపడానికి ఎంత కావాలో అంత మాత్రమే ఉన్న పాదరక్ష చాలు.

పెద్దవారి పాదంలో 26 ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు వీటిలో చాలావరకు మెత్తని మృదులాస్థిగానే ఉండి, ఏళ్ల తరబడి క్రమంగా గట్టిపడతాయి. పాదం లోపలివైపు వంపుకు ఆధారమైన నావిక్యులర్ అనే ఎముక గట్టిపడటం మొదలయ్యేదే సుమారు మూడేళ్ల వయసులో. దీనికి తోడు పసిపిల్లల అరికాలి కింద కొవ్వు మెత్తగా పేరుకుని ఉండి వంపును కప్పేస్తుంది కనుక, రెండేళ్ల పిల్లవాడి పాదముద్ర చదునుగా పడితే అది రోగం కాదు. వంపు మొదటి పదేళ్లలో నెమ్మదిగా ఏర్పడుతుంది. ఇంత మెత్తని పాదాన్ని ఇరుకైన బూటులో బిగిస్తే అది నొప్పి పుట్టకుండానే ఆ బూటు ఆకారానికి ఒదిగిపోతుంది. పిల్లవాడు ఏడవలేదు కాబట్టి బూటు సరిపోయిందని అనుకోవడానికి వీల్లేకపోవడం ఇందుకే.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి

ఈ విషయంలో ప్రపంచమంతా ప్రస్తావించే ఒక పరిశీలన మన పొరుగు రాష్ట్రమైన కర్ణాటక వైద్యులదే. రావు, జోసెఫ్ అనే ఇద్దరు 1992లో ప్రచురించిన ఆ అధ్యయనంలో నాలుగు నుంచి పదమూడేళ్ల వయసున్న 2300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించారు. పాదరక్షలు వాడే పిల్లల్లో 8.6 శాతం మందికి, వాడని పిల్లల్లో 2.8 శాతం మందికి చదును పాదాలు కనిపించాయి. అంతకన్నా ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, వేళ్లను పూర్తిగా మూసేసే బూట్లు వేసుకునే పిల్లల్లో ఈ సమస్య ఎక్కువగాను, చెప్పులు, సాండిల్స్ వేసుకునే వారిలో తక్కువగాను ఉంది. వంపు ఏర్పడటానికి ఆరేళ్ల లోపు వయసు కీలకమని వారు అభిప్రాయపడ్డారు. 1995లో జోసెఫ్ మరొక సహచరుడితో కలిసి ఎదుగుదల పూర్తయిన 1846 మందిని పరిశీలించినప్పుడు, ఆరేళ్ల లోపే బూట్లు మొదలుపెట్టిన వారిలో 3.24 శాతం మందికి, పదహారేళ్ల తర్వాత మొదలుపెట్టిన వారిలో 1.75 శాతం మందికి చదును పాదాలు ఉన్నట్టు తేలింది.

ఈ అంకెలు చూసి బూట్లను పారేయనక్కరలేదు. రెండు విషయాలు కలిసి కనిపించాయన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని నిరూపణ కాదు. అధిక బరువు, కీళ్ల వదులుతనం ఉన్న పిల్లల్లో కూడా చదును పాదాలు ఎక్కువని అవే అధ్యయనాలు చెప్పాయి. పైగా నొప్పిలేని, మెత్తని చదును పాదం చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ కలిగించదు. అయితే ఇటీవల జర్మనీ, దక్షిణాఫ్రికా దేశాల్లో 6 నుంచి 18 ఏళ్ల పిల్లలను పోల్చి చూసినప్పుడు కూడా, ఉత్తకాళ్లతో పెరిగినవారి పాదాల వంపు ఎక్కువగా ఉంది. ఆరు నుంచి పదేళ్ల వయసులో వారు వెనక్కు నడుస్తూ తూలకుండా నిలదొక్కుకోవడంలోను, నిలుచున్న చోటు నుంచి దూకడంలోను ముందున్నారు. పరుగులో మాత్రం పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వయసులో బూట్లతో పెరిగినవారిదే పైచేయి అయింది. ఇవన్నీ ఉత్తకాళ్లను మామూలు బూట్లతో పోల్చిన పరిశీలనలని గమనించాలి. వీటి ఫలితాలను మినిమలిస్ట్ బూట్ల పెట్టె మీద ముద్రించుకోవడం వ్యాపారమే అవుతుంది. పలుచని బూటు మందపాటి బూటు కన్నా పాదాన్ని తక్కువగా కట్టేస్తుంది కనుక దాన్ని ఎంచుకోవడం సబబే, కాని అది ఉత్తకాలికి సమానం కాదు.

ఏ నేల మీద ఏది

ఇంటి నుంచి మొదలుపెడదాం. నగరంలోని అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి నున్నని విట్రిఫైడ్ టైల్స్. వీటిమీద ఉత్తకాలు పట్టునిస్తుంది. మామూలు మేజోళ్లు మాత్రం జారుడుబల్లే. చలి అని పాపకు మేజోళ్లు తొడిగి టైల్స్ మీద వదలడం ప్రమాదకరం. చల్లని నేల మీద నడిస్తే జలుబు చేస్తుందని పెద్దవారు కోప్పడతారు కాని జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది, నేలవల్ల కాదు. అయినా డిసెంబరు, జనవరి ఉదయాల్లో ముట్టుకుంటే పాదాలు నిజంగా చల్లబడి ఉంటే, అడుగున రబ్బరు చుక్కలున్న మేజోళ్లు వేయవచ్చు, అందువల్ల ఇంట్లో మాట పట్టింపులు కూడా తగ్గుతాయి. ఫినాయిల్‌తో తుడిచిన నేల పూర్తిగా ఆరేదాకా పిల్లలను దానిమీదకు పంపకూడదు. పాత ఇళ్లలోని షాబాదు బండలు, కడప రాళ్లు కొంచెం గరుకుగా ఉండి నడక నేర్చుకునే కాళ్లకు అనుకూలంగానే ఉంటాయి. పగిలిన అంచులు, బండల మధ్య లేచిన సిమెంటు ముక్కలు ఉన్నాయేమో చేత్తో తడిమి చూసుకుంటే చాలు. నడక వచ్చిందనడానికి గుర్తుగా ఇంట్లోనే కీచుమనే బూట్లు తొడిగే అలవాటు మనకుంది. శబ్దం ముద్దుగానే ఉంటుంది కాని వాటిలో చాలావాటి అట్ట బిరుసుగా, మడమ దగ్గర ఎత్తుగా ఉంటుంది. ఫొటో తీసుకుని విప్పేయడం ఉత్తమం.

ఇంటి గడప దాటాక పరిస్థితి మారుతుంది. వరండా, లిఫ్టు ముందు స్థలం ఫరవాలేదు. సెల్లార్ పార్కింగులో మాత్రం ఇంజన్ ఆయిలు, మేకులు, తీగముక్కలు, ఏదో ఒక ఫ్లాటులో నిత్యం జరిగే టైల్స్ పని తాలూకు పెంకులు ఉంటాయి కనుక అక్కడ ఉత్తకాళ్లు తగవు. ఆటస్థలాల్లో పరిచే రబ్బరు నేల, కృత్రిమ పచ్చిక చూడటానికి మెత్తగా, సురక్షితంగా కనిపిస్తాయి, కాని ఎండలో ఇవి అసలు గడ్డి కన్నా చాలా ఎక్కువగా వేడెక్కుతాయి. మార్చి నుంచి జూన్ తొలివారాల దాకా హైదరాబాద్‌లో గాలి వేడి 40 డిగ్రీలు దాటే రోజుల్లో తారు, గ్రానైటు, మేడమీది సిమెంటు గాలి కన్నా చాలా ఎక్కువగా కాలుతాయి. మన అరచేతి చర్మం మందం కాబట్టి దానితో పరీక్షించవద్దు. మీ చేతి వెనుకభాగాన్ని నేలకు ఆనించి ఐదు క్షణాలు సుఖంగా ఉంచగలిగితేనే పిల్లలను ఉత్తకాళ్లతో దింపాలి. బండరాయి పొద్దుగూకిన తర్వాత కూడా చాలాసేపు వేడిని వదులుతూ ఉంటుంది కనుక, సాయంత్రం అయిందని పరీక్ష మానేయకూడదు.

పార్కుల్లో గడ్డి మీద నడిపించడం పిల్లల పాదాలకు చాలా మంచిది, ఎందుకంటే గడ్డి, మట్టి, ఇసుక, గులకరాయి ఒక్కొక్కటీ పాదాన్ని ఒక్కో విధంగా పని చేయిస్తాయి, సాఫీ టైల్స్ మాత్రం ఎంత నడిచినా ఒకే పని చేయిస్తాయి. ఇందిరా పార్కు, పబ్లిక్ గార్డెన్స్, కొండాపూర్‌లోని బొటానికల్ గార్డెన్ వంటి చోట్ల గడ్డి ఉన్న మూలను ఎంచుకుని, ముందు మీరు చెప్పులు విప్పి ఒకసారి అటూ ఇటూ నడవండి. పల్లేరు కాయలు, గాజుపెంకులు, సీసా మూతలు, ఎర్రచీమల పుట్టలు మీ కాలికే ముందు తెలుస్తాయి. సర్కారు తుమ్మ పెరిగిన ఖాళీ ప్లాట్ల పక్కన ఈ ప్రయోగం చేయవద్దు. ఆ ముల్లు పలుచని మినిమలిస్ట్ అట్టను కూడా సులువుగా చీల్చుకుని వస్తుంది. పలుచని అట్టకున్న ఈ లోపాన్ని అమ్మేవారు చెప్పరు. ఇళ్ల నిర్మాణం జరుగుతున్న వీధుల్లో, మేకులు పడి ఉండే చోట్ల కొంచెం మందమైన సోల్ ఉన్న సాండిల్సే సరైనవి.

కంటికి కనబడని ప్రమాదం ఒకటి మట్టిలో ఉంటుంది. మనుషుల మలంతో కలుషితమైన తేమ నేలలో కొంకి పురుగుల పిల్లలు బతికి, అరికాలి చర్మం గుండా లోపలికి చేరతాయి. అవి పేగుల్లో రక్తం పీల్చి రక్తహీనత తెస్తాయి. కుక్కల, పిల్లుల మలంలోని పురుగులు చర్మం కింద దురదపెట్టే గీతలను కలిగిస్తాయి. అందువల్ల మురుగు పారే చోట, వీధికుక్కలు తిరిగే ఇసుక కుప్పల మీద ఉత్తకాళ్లు వద్దు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం సందర్భంగా అంగన్‌వాడీల్లో, బడుల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను పిల్లలకు తప్పక వేయించాలి. ఒకటి నుంచి రెండేళ్ల లోపు వారికి సగం మాత్ర, అంటే 200 మిల్లీగ్రాములు, ఆపైన వారికి 400 మిల్లీగ్రాముల మాత్ర ఇస్తారు.

వానాకాలంలో నియమం ఒక్కటే: నిలిచిన నీటిలోకి ఉత్తకాళ్లతో దింపకూడదు. ఒక్క గంట గట్టి వాన పడితే మన వీధుల్లో డ్రైనేజీ నీరు, వాననీరు కలిసిపోతాయి. ఎలుకల మూత్రంతో కలిసిన ఆ నీటి ద్వారా, కాలిమీది చిన్న గీత గుండా కూడా లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బు సోకగలదు. నీటి అడుగున ఏముందో, మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో ఎవరికీ కనబడదు కనుక, అలాంటప్పుడు పిల్లలను ఎత్తుకోవడమే పద్ధతి. మామూలు వానరోజుల్లో, తడిసి ఆరని మూసిన బూట్ల కన్నా, మడమ వెనుక పట్టీ ఉండి త్వరగా ఆరే సాండిల్స్ మెరుగు.

పండుగలూ గుడులూ వేరుగా ఆలోచించవలసినవి. చెప్పులు బయట విడవడం మన మర్యాద, దానికి తిరుగులేదు. కాని ఎండ ఎక్కిన తర్వాత చిలుకూరు బాలాజీ ఆలయంలో మొక్కు చెల్లించేవారు చేసే 108 ప్రదక్షిణలలో పసివాడిని నడిపించుకుంటూ తిరగడం సరి కాదు. తెల్లవారుజామున వెళ్లడం, తివాచీ పరిచిన దారిలోనే నడిపించడం, అభ్యంతరం లేని చోట మందపాటి నూలు మేజోళ్లు తొడగడం, లేదంటే ఎత్తుకోవడం చేయవచ్చు. బిర్లా మందిరం తెల్లని పాలరాయి నల్లరాయి అంత వేడెక్కదు గాని, మెట్ల మధ్యలో వచ్చే ఇతర బండల సంగతి చూసుకోవాలి. దీపావళి రాత్రి మాత్రం ఏ వాదనా లేకుండా, వేళ్లు కప్పే నూలు లేదా తోలు బూట్లు వేయాలి. కాలిపోయిన కాకరపువ్వొత్తి తీగ ఎర్రదనం పోయిన తర్వాత కూడా చాలాసేపు చర్మాన్ని కాల్చేంత వేడిగా ఉంటుంది. చీకట్లో దానిమీద అడుగు వేసి కాళ్లు కాల్చుకునే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. పక్కన బకెట్టులో నీళ్లు పెట్టి, కాల్చిన తీగలన్నీ అందులోనే వేయించండి. సంక్రాంతి రోజుల్లో మేడమీద గాజుపొడి పూసిన మాంజా ముక్కలు పడి ఉంటాయి కనుక అక్కడ కూడా ఇదే పాటించాలి.

మెట్రో స్టేషన్లలో, మాల్స్‌లో ఎస్కలేటరు ఎక్కేటప్పుడు మెత్తని రబ్బరు క్లాగ్స్ వేసి ఉంటే ప్రత్యేక జాగ్రత్త కావాలి. మెట్టుకూ పక్క గోడకూ మధ్య ఈ మెత్తని బూటు ఇరుక్కుని పిల్లల వేళ్లు నలిగిన సంఘటనలు అమెరికాలోను, జపాన్‌లోను నమోదయ్యాయి. పిల్లను మెట్టు మధ్యలో నిలబెట్టి చేయి పట్టుకోవాలి, కుదిరితే లిఫ్టే వాడాలి.

దుకాణంలో బూటును పరీక్షించడం

2015లో 11 దేశాలకు చెందిన 42 మంది నిపుణులు మినిమలిస్ట్ బూటుకు ఒక నిర్వచనం కుదుర్చుకున్నారు. బరువు, వంగే గుణం, మడమకూ ముందుభాగానికీ మధ్య ఎత్తు తేడా, అట్ట మందం, పాదం కదలికను అదుపు చేసే అదనపు అమరికలు అనే ఐదింటిని బట్టి ఒక బూటు పాదానికి ఎంత తక్కువగా అడ్డుపడుతుందో చూడాలన్నది దాని సారం. ఆ నిర్వచనం తీసుకుంటే, పెట్టె మీద పేరు ఏదైనా సరే, సుల్తాన్ బజార్‌లోనో, అబిడ్స్‌లోనో, మీ కాలనీ దుకాణంలోనో ఏ బూటునైనా మీరే పరీక్షించవచ్చు.

బూటును చేతిలోకి తీసుకుని మడమను ఒక చేత్తో, ముందుభాగాన్ని ఇంకో చేత్తో పట్టుకుని వంచండి. అది వేళ్ల మొదళ్ల దగ్గర, రెండు వేళ్ల బలంతో వంగాలి. నడుమ భాగంలో విరిగినట్టు వంగినా, అసలు వంగకపోయినా పక్కన పెట్టేయండి. తర్వాత తడిబట్టను పిండినట్టు మెలితిప్పి చూడండి. పసిపిల్లల బూటు కొంతైనా మెలితిరగాలి. కౌంటరు మీద పెట్టి పక్కనుంచి చూస్తే మడమ, ముందుభాగం ఒకే ఎత్తులో కనిపించాలి. అట్ట మందం నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటే ఇంటి చుట్టూ, పార్కు దారుల్లో సరిపోతుంది. లోపల చేయి పెట్టి తడిమితే కుట్లు, అంటించిన అంచులు గుచ్చుకోకూడదు, వంపు దగ్గర గట్టి దిమ్మ ఉండకూడదు. మడమను పట్టి ఉంచే పట్టీ లేదా వెల్‌క్రో తప్పనిసరి, ఎందుకంటే బూటు జారిపోతుంటే పిల్లలు వేళ్లు ముడిచి దాన్ని పట్టుకుంటారు. హవాయి చెప్పులకున్న ఇబ్బంది ఇదే. బాత్రూముకు, లిఫ్టు దాకా వెళ్లి రావడానికి అవి చాలు గాని, నాలుగేళ్ల లోపు పిల్లలు వాటితో పరుగెత్తితే బోర్లా పడతారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముందుభాగం వెడల్పు. ఇంట్లోనే కాగితం మీద పాదం ఆకారం గీసి, కత్తిరించి జేబులో పెట్టుకుని వెళ్లండి. ఆ కాగితాన్ని బూటులోకి దూర్చినప్పుడు అంచులు పైకి మడతపడితే పాప వేళ్లు కూడా అలాగే నలుగుతాయి. దుకాణదారు ముందు కొంచెం వింతగా అనిపించినా, ఏడ్చే పిల్లతో నాలుగు జతలు తొడిగించి విప్పించడం కన్నా ఇది సులువు. భారతీయుల పాదాలు ఐరోపా వారి పాదాల కన్నా సగటున వెడల్పు అన్న సంగతిని చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ, దేశంలో 79 ప్రాంతాల్లో లక్షకు పైగా మంది పాదాలను కొలిచిన సర్వేలో గుర్తించింది. మన దుకాణాల్లో ఉన్న సైజులు మాత్రం ఇంకా బ్రిటిష్, ఐరోపా కొలతలవే. పొడవు సరిపోయినా చిటికెన వేలు ఒత్తుకోవడం ఇందుకే మామూలయింది.

బేర్‌ఫుట్ అనే పేరుతో అమ్మే విదేశీ మినిమలిస్ట్ బూట్లు తెప్పించుకోవడం అవసరమా అని చాలామంది అడుగుతారు. నా మట్టుకు, మూడేళ్ల లోపు పిల్లలకు అది దండగ ఖర్చు. డబ్బు తిరిగి రాకముందే పాదం పెరిగిపోతుంది. పీటీ పీరియడుకు వాడే తెల్ల కాన్వాస్ బూటును ఒకసారి పై పరీక్షలన్నీ పెట్టి చూడండి. చదునైన, పలుచని, సులువుగా వంగే ఆ రబ్బరు అట్ట, లైట్లు వెలిగే ఖరీదైన స్పోర్ట్స్ షూ కన్నా మినిమలిస్ట్ నిర్వచనానికి చాలా దగ్గరగా ఉంటుంది. దానికున్న లోపమల్లా ముందుభాగం ఇరుకుగా ఉండటం, కనుక వెడల్పు ఉన్న తయారీ దొరికేదాకా వెతకాలి. పాపకు వెండి పట్టీలు ఉంటే చీలమండ ఎత్తు బూట్ల అంచు కింద అవి ఒరుసుకుని పుండు పడుతుంది. చీలమండ కిందికి ఉండే బూట్లు ఎంచుకోవడం లేదా బయటికి వెళ్లేటప్పుడు పట్టీలు తీసేయడం చేయాలి.

కొలత తీసుకోవడం

పాదాలు రోజు గడిచేకొద్దీ కొంచెం ఉబ్బుతాయి కనుక సాయంత్రం కొలవాలి. గోడకు ఆనించి నేల మీద కాగితం పరచి, పిల్లవాణ్ణి మడమ గోడకు తగిలేలా, బరువంతా కాలిమీద పడేలా నిలబెట్టి, అన్నిటికన్నా పొడవైన వేలి చివర గుర్తు పెట్టండి. అది బొటనవేలే అయి ఉండాలని లేదు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకుని, దానికి 10 నుంచి 12 మిల్లీమీటర్లు కలిపితే బూటు లోపలి పొడవు వస్తుంది. సైజు నంబరు నమ్మదగినది కాదు. బ్రిటిష్ సైజులో ఒక అంకెకు సుమారు 8.5 మిల్లీమీటర్లు, ఐరోపా సైజులో సుమారు 6.7 మిల్లీమీటర్లు తేడా ఉంటుంది, ఒక కంపెనీ నంబరు ఇంకో కంపెనీ నంబరుతో కలవదు. లోపలి మెత్త బయటికి వచ్చేదైతే దాన్ని తీసి, దానిమీద పిల్లను నిలబెట్టి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. బూటు కొసను బొటనవేలితో నొక్కి చూసే అలవాటు మనందరికీ ఉంది కాని, నొక్కగానే పిల్లలు వేళ్లు ముడుచుకుంటారు కనుక దానివల్ల తెలిసేది తక్కువ.

ఒకటి నుంచి మూడేళ్ల మధ్య పాదం నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే కొన్న రోజు ఉన్న 10 మిల్లీమీటర్ల ఖాళీ నాలుగు నెలల్లో నాలుగుకు పడిపోతుంది. అప్పుడు బూటు చూడటానికి కొత్తగానే ఉన్నా మార్చవలసిందే. మూడేళ్ల లోపు వారికి రెండు నెలలకోసారి, ఆ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి కొలవాలి. ఎలాగూ పెరుగుతాడు కదా అని రెండు సైజులు పెద్దవి కొనడం పొదుపులా కనిపిస్తుంది గాని, అంత వదులు బూటుతో పిల్లలు కాలు ఈడుస్తూ, తట్టుకుని పడుతూ ఉంటారు. మేజోళ్లు కూడా పాదంతో పాటు పెరగవు; బిగుతు మేజోడు ఇరుకు బూటు చేసే హానే చేస్తుంది. అన్నయ్య బూట్లు తమ్ముడికి ఇవ్వాలనుకుంటే, లోపలి మెత్త మీద వేళ్ల అచ్చు పడిందేమో, మడమ ఒకవైపే అరిగిందేమో చూసి, అలా ఉంటే మానుకోవాలి.

బడి బూట్లు

ఇక్కడ తల్లిదండ్రుల చేతిలో ఉన్నది తక్కువ. నల్ల బూట్లు అన్న నియమం చాలా బడుల్లో ఉంటుంది, పిల్లలు ఆరేడు గంటలు వాటిలోనే గడుపుతారు. ఇంట్లో ఎంత ఉత్తకాళ్లతో తిరిగినా రోజులో అధిక భాగం ఈ బూటుదే కనుక, వారాంతపు బూట్ల మీద పెట్టే శ్రద్ధ దీనిమీద పెట్టడం న్యాయం. రంగు నలుపై ఉంటే చాలు, నమూనా ఏదైనా ఫరవాలేదని చాలా బడులు ఒప్పుకుంటాయి. ముందుగా అడిగి, వెల్‌క్రో ఉన్న, గుండ్రని వెడల్పు ముందుభాగమున్న, సులువుగా వంగే జత ఎంచుకోండి. తెలంగాణలో బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. వేసవి తగ్గింపుల్లో ఏప్రిల్‌లోనే కొని పెట్టుకుంటే తెరిచే నాటికే రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ పోయి ఉంటుంది, కనుక జూన్ మొదటి వారం దాకా ఆగండి. నర్సరీ, ఎల్‌కేజీ గదుల్లో చాప పరిచి కూర్చోబెట్టే బడి అయితే, లోపల బూట్లు విప్పడానికి టీచరును అడగడంలో తప్పు లేదు. బడి నుంచి రాగానే బూట్లు విప్పించి, మేజోడు కుట్టు గుర్తులు కాక ఇతర ఎర్రని మచ్చలు వేళ్ల పైన, మడమ వెనుక ఉన్నాయేమో చూడండి; అరగంట దాటినా పోని ఎరుపు ఉంటే ఆ బూటు ఒరుస్తున్నట్టే.

మందపాటి బూట్ల నుంచి మారేటప్పుడు

ఐదేళ్ల లోపు పిల్లలకు ప్రత్యేక అభ్యాసం అక్కరలేదు, వారు ఒక పూటలో అలవాటు పడతారు. ఎప్పుడూ దళసరి స్పోర్ట్స్ షూ తోనే తిరిగిన ఆరేడేళ్ల పిల్లలకు మాత్రం ఇంట్లో ఉత్తకాళ్లతో మొదలుపెట్టి, గడ్డి మీద పదిహేను ఇరవై నిమిషాలు, ఆ తర్వాత పలుచని బూట్లతో చిన్న నడక, ఇలా కొన్ని వారాలు తీసుకోవాలి. పిక్కల నొప్పి వస్తే రెండు రోజులు ఆపండి.

కడగడం, గాయాలు

బయట ఉత్తకాళ్లతో ఆడి వచ్చాక సబ్బుతో కడిగి, వేళ్ల సందులు కూడా పొడిగా తుడవాలి. అరికాలు వెలుతురులో ఒకసారి చూస్తే ముల్లు, గీత అప్పుడే దొరుకుతాయి. పైపైన ఉన్న ముల్లును సబ్బునీటితో కడిగి, శుభ్రమైన పట్టకారుతో గుచ్చుకున్న దిశలోనే వెనక్కు లాగాలి. లోతుగా దిగిన గాజు, మేకు మీరు తీయవద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. 16 నుంచి 24 నెలల మధ్య, మళ్లీ 5-6 ఏళ్లకు వేయవలసిన డీపీటీ బూస్టర్లు పూర్తయ్యాయో లేదో టీకా కార్డులో చూసుకోవడం ధనుర్వాతం విషయంలో ముఖ్యం. నేల వేడికి అరికాలు కాలితే 20 నిమిషాలపాటు మామూలు కుళాయి నీటి ధార కింద ఉంచాలి. టూత్‌పేస్టు, నెయ్యి, సిరా పూయకూడదు, మంచుగడ్డ పెట్టకూడదు, బొబ్బను చిదపకూడదు.

ఎవరికి వైద్యుడి సలహా కావాలి

స్పర్శ తెలియని పాదాలున్న పిల్లలను, టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలను వైద్యుణ్ణి అడగకుండా బయట ఉత్తకాళ్లతో వదలకూడదు. పుట్టుకతో వంకర పాదానికి పాన్సెటి చికిత్స (కట్లు వేసి పాదాన్ని క్రమంగా సరిచేసే పద్ధతి) పొంది, పట్టీ బూట్లు వాడుతున్న పిల్లలు వాటిని చెప్పిన గంటల ప్రకారమే వాడాలి. ఈ వ్యాసంలో ఉన్న ఏ సలహా కోసమూ వాటిని మానకూడదు. 18 నెలలు దాటినా నడవకపోవడం, మూడేళ్ల తర్వాత కూడా ఎప్పుడూ మునివేళ్ల మీదే నడవడం, ఒక పాదం మాత్రమే వేరుగా ఉండటం, కుంటడం, నడిచాక పాదం నొప్పి అని తరచు చెప్పడం కనిపిస్తే ఎముకల వైద్యుడికి చూపించాలి. చదును పాదం గురించి అనుమానం ఉంటే పిల్లవాణ్ణి మునివేళ్ల మీద నిలబెట్టి వెనుక నుంచి చూడండి. అప్పుడు వంపు ఏర్పడి, నొప్పి లేకపోతే సాధారణంగా చికిత్స అవసరం ఉండదు. వంపు ఏర్పడకపోతే, పాదం బిరుసుగా ఉంటే వెళ్లాలి. వంపు రావడానికంటూ అమ్మే ఖరీదైన దిమ్మల బూట్లను వైద్యుడు చెప్పకుండా కొనకండి. 1989లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఒకటి నుంచి ఆరేళ్ల పిల్లలకు మూడేళ్లపాటు అలాంటి బూట్లు, మెత్తలు వాడి చూస్తే, ఏ చికిత్సా పొందని పిల్లలతో సమానంగానే వారి పాదాలూ మెరుగయ్యాయి. వంకర పాదం వంటి పుట్టుకతో వచ్చే లోపాలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచిత పరీక్ష, చికిత్స అందుతాయి. అంగన్‌వాడీ కార్యకర్తను గాని, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిని గాని అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.